అలారం బిగించేవాడి పేరు ఏ రిజిస్టరులో ఉంది?

మారతహళ్లి దగ్గర ఒక అపార్టుమెంట్ క్లబ్ హౌసులో, ఇక్కడి తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగం ఇది. మాట్లాడినవారు బెంగళూరులో 22 ఏళ్లుగా అలారాలు, కెమెరాలు బిగించే పనిలో ఉన్నారు. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగు విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కాస్త ముందుకు రండి, ఈ పక్కన కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. నేనొక వస్తువు తెచ్చాను, అంత దూరం నుంచి చూస్తే కనపడదు. పిల్లలు కూడా రావచ్చు.

ఇదిగో, ఇది. రెండు తెల్ల ప్లాస్టిక్ ముక్కలు, ఒక్కోటి నా చిటికెన వేలంత. ఒకదాంట్లో అయస్కాంతం ఉంది. రెండోదాంట్లో వడ్లగింజ కంటే కాస్త పొడుగైన గాజు గొట్టం, ఆ గొట్టంలో సన్నటి రెండు ఇనప రేకులు. అయస్కాంతం దగ్గరగా ఉన్నంతసేపూ ఆ రేకులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. తలుపు తీశారు, అయస్కాంతం జరిగింది, రేకులు విడిపోయాయి, గోడ మీది పెట్టెకు కబురు వెళ్లింది, సైరన్ మోగింది. ఇంతే. మీ ఇంట్లో తలుపు అలారం ఉంటే దాని గుండెకాయ ఇదే.

పోయినేడు బెళ్లందూరు వైపు ఒక ఇంటికి వెళ్లాను. పెద్దవాళ్లు, భార్యాభర్త ఇద్దరే ఉంటారు. నెల్లూరు వైపువాళ్లు. పిల్లలిద్దరూ అమెరికాలో. అలారం బ్యాటరీ మార్చాలని పిలిచారు. ఏ ఇంటికి వెళ్లినా నేను మొదట చేసే పని ఒకటుంది. ప్రతి తలుపూ, ప్రతి కిటికీ తెరిచి చూస్తాను. ముందు తలుపు తెరిచాను, మోగింది. బాల్కనీ తలుపు తెరిచాను, మోగింది. వంటింటి వెనక తలుపు తెరిచాను. మోగలేదు. మళ్లీ మూసి తెరిచాను. మోగలేదు. తలుపు బార్లా తెరిచి ఉంది, నేను గడప మీద నిలబడి ఉన్నాను, గోడ మీది పెట్టె మాత్రం ఆ తలుపు మూసే ఉందని చూపిస్తోంది.

పెట్టె విప్పాను. ఆ తలుపు నుంచి వచ్చే రెండు వైర్లనూ లోపల కలిపి మెలేసి, పైన నల్ల టేపు చుట్టి ఉంది. చూడగానే నాకు సంగతి అర్థమైంది. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, తలుపు సరిగా పడదు, అలారం ఊరికే మోగుతుంది. వీళ్లు పిలిచారు. వచ్చినవాడు తలుపు సరిచేయించమని చెప్పలేదు, సెన్సర్‌ని అర అంగుళం పక్కకు జరపలేదు. రెండు వైర్లు కలిపేశాడు. ఇక తలుపు తెరిచినా రేకులు ఆనుకునే ఉన్నాయని పెట్టె అనుకుంటుంది, మోగడం ఆగింది. అయిపోయిందమ్మా అన్నాడు, డబ్బు తీసుకున్నాడు, వెళ్లాడు.

నిజానికి ఈ పని ఎవరూ చేయలేకుండా ఒక పద్ధతి ఉంది. తలుపు దగ్గర, సెన్సర్ చివర, ఒక చిన్న రెసిస్టర్, అంటే కరెంటును కొంచెం అడ్డుకునే ముక్క, పెట్టాలి. రూపాయి విలువ చేసేది. అది పెడితే, మధ్యలో ఎవరైనా వైర్లు కలిపినా, కత్తిరించినా పెట్టెకు తేడా తెలిసిపోతుంది. పని తెలిసినవాడు అది తలుపు దగ్గర పెడతాడు. తెలియనివాడు పెట్టె లోపలే పెట్టేస్తాడు, లేదా అసలు పెట్టడు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీరు డబ్బిచ్చేటప్పుడు ఏది పెట్టాడో మీకు ఎలా తెలుస్తుంది? తెలియదు. తెలిసే దారే లేదు.

ఆ అమ్మ నన్ను ఒక్కటే అడిగింది. "అయితే నాయనా, ఇన్నాళ్లూ మేము దేన్ని నమ్ముకుని నిద్రపోయాం?"

నా దగ్గర జవాబు లేదు. ఎవరు బిగించారమ్మా అని అడిగితే బిల్లు తెచ్చింది. చేత్తో రాసిన బిల్లు. పైన ఒక షాపు పేరు, కింద ఒక ఫోన్ నంబరు. అడ్రసు లేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామన్నా ఎవరి మీద వెళ్తాం? అవతలి పార్టీ పేరూ అడ్రసూ రాయాలి కదా. అతను ఎవరు, పని ఎక్కడ నేర్చుకున్నాడు, ఇప్పుడు ఇంకెవరి ఇంట్లో వైర్లు మెలేస్తున్నాడు, ఎవరిని అడగాలి? నేను ఈ సాయంత్రం మాట్లాడదామని వచ్చింది ఈ ఒక్క ప్రశ్న గురించే.

ఇప్పుడు మన గేటు దగ్గరికి రండి. అక్కడ కూర్చున్న గార్డు అన్న గురించి చట్టం ఏమంటుందో చెబుతాను. 2005లో పార్లమెంటు ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం చేసింది. మా లైన్‌లో అందరూ పసారా అంటారు. 2006 మార్చి నుంచి అమల్లో ఉంది. చేసింది కేంద్రమైనా, నడిపేది రాష్ట్రం. ప్రతి రాష్ట్రం హోం శాఖలో ఒక అధికారిని నియమించాలి, లైసెన్సు ఇచ్చేది ఆయనే. లైసెన్సు లేకుండా గార్డుల ఏజెన్సీ నడిపితే ఏడాది వరకు జైలు, లేదా 25 వేల వరకు జరిమానా, లేదా రెండూ. లైసెన్సు ఐదేళ్లకు. ఫీజు ఒక జిల్లాకైతే 5 వేలు, ఐదు జిల్లాల దాకా 10 వేలు, రాష్ట్రమంతా అయితే 25 వేలు. గార్డుకు 18 ఏళ్లు నిండాలి, 65 దాటకూడదు. అతని నడవడిక విచారించాలి, శిక్షణ ఇవ్వాలి. ఏజెన్సీ తన లైసెన్సును ఆఫీసులో అందరికీ కనపడేచోట పెట్టాలి. కర్ణాటక దీనికి 2008లో తన సొంత నియమాలు కూడా చేసుకుంది.

సెక్రటరీగారూ, మన ఏజెన్సీ లైసెన్సు కాపీ మన ఫైల్లో ఉందా? ఉందంటున్నారు. మంచిది. ఆ గడువు తేదీ కూడా ఒకసారి చూడండి.

అంటే గేటు దగ్గర కర్ర పట్టుకుని నిలబడే మనిషికి ఇన్ని ఉన్నాయి. ఆయన మీ పడకగదిలోకి రాడు. మీ ఇంట్లో ఏ కిటికీకి గ్రిల్లు లేదో ఆయనకు తెలియదు. మీరు ఏ రోజు ఊరెళ్తున్నారో ఆయన ఫోనుకు మెసేజ్ రాదు. ఇవన్నీ తెలిసిన మనిషి ఎవరు? అలారం బిగించినవాడు. కెమెరా బిగించినవాడు. నిచ్చెన వేసుకుని ప్రతి గదీ తిరిగినవాడు. అంటే, నేను. మరి ఈ 22 ఏళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నన్ను లైసెన్సు చూపించమని అడగలేదు. ఆ చట్టం మనుషుల్ని కాపలా పెట్టే వ్యాపారాన్ని దృష్టిలో పెట్టుకుని రాశారు. దాంట్లో శిక్షణ, వయసు, యూనిఫాం, ఫోటో కార్డు, అన్నీ గార్డు చుట్టూ తిరుగుతాయి. డ్రిల్లింగ్ మిషన్ పట్టుకుని వచ్చేవాడి మాట దాంట్లో ఎక్కడా లేదు.

రెండో సంగతి. కెమెరా పెట్టెకు కూడా ఇప్పుడు రిజిస్ట్రేషన్ ఉంది. కేంద్ర ఎలక్ట్రానిక్స్, ఐటీ శాఖ 2024 ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది, 2025 ఏప్రిల్ 9 నుంచి గట్టిగా అమలవుతోంది. సీసీటీవీ కెమెరా ఇక్కడ అమ్మాలంటే లోపలి సాఫ్ట్‌వేర్ భద్రతను కూడా ల్యాబులో పరీక్ష చేయించాలి. చాలా మంచి పని. ఎందుకు మంచిదో మీలో సాఫ్ట్‌వేర్‌వాళ్లకు గుర్తుండే ఉంటుంది. 2016లో మిరాయ్ అని ఒక వైరస్ లాంటిది వచ్చింది. దానికి తెలిసిన విద్య ఒక్కటే. ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డులు ఒక అరవై దాకా జాబితా పెట్టుకుని, ఇంటర్నెట్‌లో కనిపించిన ప్రతి కెమెరా, కెమెరా దృశ్యాలు రికార్డు చేసే ప్రతి డీవీఆర్ పెట్టె, ప్రతి రౌటర్ తలుపూ తట్టి చూడటం. తెరుచుకున్నవాటిని సైన్యంగా మార్చుకుంది. ఆ అక్టోబరు 21న అమెరికాలో సగం ఇంటర్నెట్ ఆగిపోయినంత పనయింది. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ తెరుచుకోలేదు.

ఆ పాస్‌వర్డులు మార్చాల్సింది ఎవరు? బిగించినవాడు. మార్చలేదు. మరి ఎంత మంచి కెమెరా కొన్నా, బిగించేవాడు అన్ని ఇళ్లకూ ఒకే పాస్‌వర్డు పెట్టుకుంటూ పోతే ఆ ల్యాబు పరీక్ష ఏం కాపాడుతుంది? ఇలా చేసేవాళ్లు ఉన్నారండి. సర్వీసుకు వెళ్లినప్పుడు గుర్తుపెట్టుకోవడం తేలిక అని, వంద ఇళ్లకు ఒకే పాస్‌వర్డు. దాంట్లో తన ఫోన్ నంబరు చివరి అంకెలు. ఒక ఇంట్లో తెలిసిందంటే వంద ఇళ్లూ తెలిసినట్టే.

కాబట్టి గార్డుకు రిజిస్టరు ఉంది. పెట్టెకు రిజిస్టరు ఉంది. ఆ పెట్టెను మీ గోడకు బిగించి, దాని తాళం పెట్టే చేతికి మాత్రం ఏ రిజిస్టరూ లేదు. జీఎస్టీ నంబరు ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అది పన్ను కోసం. అతను మీ ఇంట్లో అడుగుపెట్టడానికి తగినవాడా కాదా అన్నది జీఎస్టీవాళ్లు చూడరు.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో, నేను చూసింది చెబుతాను. 2013 నవంబరు 19 పొద్దున, ఇక్కడే, కార్పొరేషన్ సర్కిల్ దగ్గర ఏటీఎంలో ఒక బ్యాంకు ఉద్యోగిని మీద కత్తితో దాడి జరిగింది. ఆ వీడియో దేశమంతా టీవీల్లో చూసింది. కెమెరా ఉంది, రికార్డు చేసింది, ఆమెను కాపాడలేకపోయింది. ఆ మనిషి దొరకడానికి మూడేళ్లు దాటింది. 2017లో మన మదనపల్లెలో దొరికాడు. ఆ దాడి తర్వాత రోజుల్లో మా షాపులో ఫోన్ ఆగలేదు. అందరికీ భయం, అందరికీ కెమెరా కావాలి, అలారం కావాలి, రేపే కావాలి. మేము ఉన్నది కొద్దిమందిమి. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే ఎస్.పి.రోడ్డుకు వెళ్లి నాలుగు కెమెరాలూ ఒక డీవీఆరూ సంచిలో వేసుకొచ్చి, నిన్నటిదాకా మొబైల్ రీచార్జి చేసినవాడు ఈ రోజు సెక్యూరిటీ సిస్టమ్స్ అని బోర్డు పెట్టాడు. వాళ్లను నేను తప్పుపట్టను. పొట్టకూటి కోసం వచ్చారు. వాళ్లలో కొందరు తర్వాత చక్కగా పని నేర్చుకున్నారు. నేర్చుకోనివాళ్లను ఆపేవాళ్లే లేరు. నా బాధ అది.

2017లో కర్ణాటక ప్రజాభద్రత చట్టం తెచ్చింది. ఒకేసారి వందమంది చేరే చోటల్లా కెమెరాలు ఉండాలి, రికార్డింగు 30 రోజులు దాచాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఇలాంటి చట్టమే 2013లో వచ్చింది, విభజన తర్వాత తెలంగాణలోనూ ఉంది. కెమెరా పెట్టకపోతే మీకు జరిమానా. బాగుంది. పెట్టమని చట్టం చెప్పింది. ఎవరిచేత పెట్టించాలో, పెట్టేవాడికి ఏం తెలిసి ఉండాలో చెప్పలేదు.

ఇప్పుడు మీ ఇంట్లో కరెంటు మీటరు పెట్టించాలంటే ఏం చేస్తారు? ఇక్కడి కరెంటు సంస్థ బెస్కాంకి వెళ్తే, లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరు సంతకం తెమ్మంటారు. ఎందుకు? ఆ పని తప్పుగా చేస్తే ప్రాణం పోతుంది కాబట్టి. మహారాష్ట్రలో అయితే 2006 నాటి అగ్నిమాపక చట్టం ఉంది. అక్కడ భవనాల్లో మంటలార్పే పరికరాలు బిగించాలన్నా, బాగున్నాయని సర్టిఫికెట్ ఇవ్వాలన్నా లైసెన్సున్న ఏజెన్సీయే చేయాలి. ఏటా జనవరిలో ఒకసారి, జూలైలో ఒకసారి ఆ సర్టిఫికెట్ ఇవ్వాలి. అంటే బిగించే చేతికి రిజిస్ట్రేషన్ అడగడం మన దేశానికి కొత్త కాదు. కరెంటుకు అడిగాం, నిప్పుకు అడిగాం. దొంగతనానికి ఎందుకు అడగకూడదు? పోలీసు, శాంతిభద్రతలు రాజ్యాంగం ఏడో షెడ్యూలులో రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. ఈ పని ఇక్కడి శాసనసభ నడిచే విధానసౌధలో చేయగలిగిన పనే. ఢిల్లీ కోసం ఎదురుచూడక్కరలేదు.

బయటి దేశాల సంగతి కొంచెం చెబుతాను, మీ పిల్లలు చాలామంది అక్కడున్నారు కాబట్టి. అమెరికాలో ఇది రాష్ట్రాల పని. టెక్సాస్‌లో అలారం కంపెనీకి ప్రజాభద్రత శాఖ లైసెన్సు ఉండాలి, పనివాడి వేలిముద్రలు తీసుకుని పాత నేరాలు చూస్తారు. కాలిఫోర్నియాలోనూ కంపెనీకి లైసెన్సు, ఏజెంటుకు విడిగా రిజిస్ట్రేషన్. ఇంగ్లండులో దారి వేరు. అక్కడ పోలీసులే ఒక షరతు పెట్టారు. గుర్తింపు పొందిన తనిఖీ సంస్థ సర్టిఫై చేసిన కంపెనీ బిగిస్తేనే ఆ అలారానికి ఒక నంబరు ఇస్తారు. ఆ నంబరు ఉంటేనే అలారం మోగినప్పుడు పోలీసు బండి బయలుదేరుతుంది. ఏడాదిలో మూడుసార్లు ఉత్తుత్తిగా మోగిందా, ఆ సౌకర్యం తీసేస్తారు. అప్పుడు కంపెనీ పరుగెత్తుకొచ్చి బాగుచేస్తుంది. నాకు ఈ పద్ధతి బాగా నచ్చింది. తప్పు చేసినవాడికి తగిలేచోట తగులుతుంది.

ఉత్తుత్తిగా మోగడం అంటే చిన్న విషయం కాదండి. అమెరికా న్యాయశాఖ పోలీసుల కోసం వేసిన ఒక మార్గదర్శినిలో, దొంగతనం అలారాల నుంచి పోలీసులకు వచ్చే పిలుపుల్లో నూటికి 94 నుంచి 98 దాకా ఉత్తవేనని రాశారు. ఇక్కడ మన సంగతి చెప్పనా? రెండేళ్ల కిందట సంక్రాంతికి మా వీధిలో ఒక కుటుంబం ఒంగోలు వెళ్లింది. ఆ రాత్రి వాళ్ల ఇంట్లో సైరన్ మొదలైంది. ఇరుగుపొరుగు బయటికొచ్చారు, టార్చిలైట్లు వేశారు, ఎవరూ లేరు. మెయిన్ ఆపేశారు. ఆగలేదు, లోపల బ్యాటరీ ఉంటుంది కదా. తెల్లవారుజామున ఆ బ్యాటరీ అయిపోయాక ఆగింది. తర్వాత నేను వెళ్లి చూస్తే, హాల్లో మూలన ఉన్న సెన్సర్ అద్దం మీద బల్లి పాకిన గుర్తులు. ఆ సెన్సర్ వేడిని, కదలికను కలిపి చూస్తుంది. బల్లి దూరంగా ఉంటే పట్టించుకోదు, అద్దం మీదే పాకితే దానికి అదొక పెద్ద మనిషిలా కనిపిస్తుంది. సెన్సర్ వెనక వైరు వచ్చే రంధ్రాన్ని మూయాలి, ట్యూబులైటు పక్కన బిగించకూడదు. లైటు దగ్గరికి పురుగులొస్తాయి, పురుగుల కోసం బల్లి వస్తుంది. ఇది ఏ కంపెనీ పుస్తకంలోనూ పెద్ద అక్షరాల్లో ఉండదు. పనిలో నేర్చుకోవాలి, నేర్పేవాడు ఉండాలి, నేర్చుకున్నావా అని పరీక్షించేవాడు ఉండాలి.

ఆ రాత్రి తర్వాత మా వీధిలో ఏ సైరన్ మోగినా ఒక్క తలుపూ తెరుచుకోవడం లేదు. నాన్నా పులి కథ. రేపు నిజంగా దొంగ వస్తే?

ఇప్పుడు మీరు అడగబోయేది నాకు తెలుసు. అక్కడెవరో చెయ్యెత్తారు కూడా. అమెరికాలో ఇంత పద్ధతి ఉన్నా తప్పులు జరగలేదా అని. జరిగాయి. దాచను. డాలస్ దగ్గర ఒక పెద్ద కంపెనీ టెక్నీషియన్, కెమెరాలు బిగించేటప్పుడు కస్టమరు అకౌంటులో తన ఈమెయిల్ కూడా చేర్చుకునేవాడు. తర్వాత ఇంట్లో కూర్చుని వాళ్ల పడకగదులు చూసేవాడు. నాలుగున్నరేళ్లు. దాదాపు 200 ఇళ్లు. 9,600 సార్లకు పైగా. 2021 జనవరిలో కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 52 నెలల జైలు పడింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ మనమే తలుపు తీసి, టీ ఇచ్చి, ఫ్యాన్ వేసి ఆ దొంగను కూర్చోబెడుతున్నాం. రిజిస్ట్రేషన్ ఉంటే ఇలాంటివాడు పుట్టడని నేను అనను. కానీ అతను ఏ ఏ ఇళ్లకు వెళ్లాడో లెక్క ఉంది. పేరుంది, రికార్డుంది. ఒక్క ఇంట్లో బయటపడగానే మిగతా ఇళ్లకు కబురు చేయగలిగారు. మన బెళ్లందూరు అమ్మగారింట్లో వైర్లు మెలేసినవాడు ఇంకెన్ని ఇళ్లకు వెళ్లాడో ఎవరైనా చెప్పగలరా? మన దగ్గర చట్టం లేదని కాదు. ఇలా చాటుగా మనుషుల ఏకాంత దృశ్యాలు తీస్తే ఐటీ చట్టం 66ఈ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. అయితే అది నేరం బయటపడ్డాక పనికొచ్చేది. మనిషి ఎవరో తెలిస్తేనే పనికొచ్చేది.

ఇంకో మాట. మా తోటివాళ్లే నన్ను నిలదీశారు. "అన్నా, లైసెన్సు అంటే ఇంకో ఆఫీసు, ఇంకో లంచం, ఇంకో టెన్షన్. పెద్ద కంపెనీలు కట్టేస్తాయి, మనలాంటి ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లతో నడుపుకునేవాళ్లం రోడ్డున పడతాం" అని. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. నేనూ అలాగే హిందూపురం నుంచి ఒక సంచితో వచ్చినవాణ్ణి. ఫీజు 25 వేలు అంటే ఆ రోజుల్లో నేను కట్టగలిగేవాణ్ణి కాదు. అందుకే అడిగే తీరులోనే జాగ్రత్త ఉండాలి. ఒంటరిగా పనిచేసేవాడికి ఫీజు వందల్లో ఉండాలి, వేలల్లో కాదు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. కర్ణాటకలో సకాల చట్టం 2011 నుంచి ఉంది. ఏ సేవ ఎన్ని రోజుల్లో ఇవ్వాలో గడువు పెట్టి, ఆలస్యమైతే రోజుకు 20 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలంటుంది. ఈ రిజిస్ట్రేషన్‌ను కూడా ఆ జాబితాలో చేర్చితే ఫైలు టేబుల్ మీద నిద్రపోదు. పరీక్ష కొత్తగా కనిపెట్టక్కరలేదు, కేంద్ర నైపుణ్య శిక్షణలో సీసీటీవీ బిగించే టెక్నీషియన్ కోర్సు ఇప్పటికే ఉంది. దానికి అలారం పనిని కూడా కలిపితే సరిపోతుంది. ఇప్పటికే పదేళ్లుగా చేస్తున్నవాళ్లకు క్లాసులు వద్దు, చేతిపని చూసి ఇవ్వండి.

అక్కడ టేబుల్ మీద ఒక అర్జీ పెట్టాం. కన్నడలో ఒకటి, తెలుగులో ఒకటి. కన్నడది హోం శాఖకు వెళ్తుంది, తెలుగుది మనం చదువుకోవడానికి. దాంట్లో ఏం అడిగామో రెండు ముక్కల్లో చెబుతాను. బిగించే ప్రతి మనిషికీ పోలీసు విచారణ, ఫోటో ఉన్న కార్డు. బిల్లు మీద రిజిస్ట్రేషన్ నంబరు. పని అయ్యాక అసలు పాస్‌వర్డు ఇంటివాళ్ల చేతికి ఇచ్చినట్టు సంతకం. షాపు మూసేస్తే కస్టమర్ల వివరాలన్నీ ఏం చేయాలో రాతపూర్వక నియమం. ఫిర్యాదు వస్తే నెలలోపు విచారణ. చివరిది నాకు అన్నిటికంటే ముఖ్యం. ఎవరి రిజిస్ట్రేషన్ రద్దయిందో అందరూ చూసుకునేలా జాబితా. ఆ జాబితా ఉంటే ఒక చోట పట్టుబడినవాడు బోర్డు మార్చి పక్క లేఅవుట్‌లో షాపు తెరవలేడు.

ఆంధ్రాలో పోలీసు శాఖ తాళం వేసిన ఇళ్ల కోసం ఒక పద్ధతి పెట్టింది, ఎల్.హెచ్.ఎం.ఎస్. అని. ఊరెళ్లేవాళ్లు యాప్‌లో చెబితే పోలీసులే వచ్చి కదలికను పట్టే కెమెరా పెట్టి వెళ్తారు. అక్కడ పెట్టిన మనిషి ఎవరో స్టేషన్‌కు తెలుసు. మా చెల్లెలు అనంతపురంలో వాడుకుంది. ఎంత నిశ్చింతగా తిరుపతి వెళ్లొచ్చిందో చెప్పింది. ఆ నిశ్చింత ఆ కెమెరా వల్ల వచ్చింది కాదు. ఎవరు పెట్టారో తెలియడం వల్ల వచ్చింది.

అర్జీ మీద సంతకం పెట్టినంత మాత్రాన రేపు చట్టం రాదు. వచ్చేదాకా మీరే చూసుకోవాలి. కొత్తగా ఎవరినైనా పిలిస్తే ఆధార్ చూడండి, అడ్రసు ఉన్న బిల్లు అడగండి, ఎక్కడ నేర్చుకున్నావు బాబూ అని అడగండి. మంచిగా పని తెలిసినవాడు నొచ్చుకోడు, సంతోషిస్తాడు. ఆరు నెలలకోసారి నేను చెప్పినట్టు ప్రతి తలుపూ తెరిచి మోగుతుందో లేదో వినండి. బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి, మూడేళ్లు దాటితే మార్చేయండి.

ఇక కూర్చునే ముందు, అందరూ ఫోన్లు తీయండి. అవును, ఇప్పుడే. మీ కెమెరా యాప్ తెరవండి. సెట్టింగ్స్‌లోకి వెళ్తే డివైస్ షేరింగ్ అనో, యూజర్స్ అనో ఉంటుంది. డాలస్‌లో ఆ సంగతి బయటపడింది ఎలాగో తెలుసా? పోలీసులు పట్టుకోలేదు. ఒక కస్టమరు తన అకౌంటులో తెలియని ఈమెయిల్ ఒకటి చూసి కంపెనీకి ఫోన్ చేశారు. అందుకే చూడమంటున్నాను. ఎంతమంది పేర్లు ఉన్నాయి? మీరు, మీ ఇంటావిడ, మీ అబ్బాయి. ఇంకెవరైనా ఉన్నారా? అసలు ఆ అకౌంటు మీ నంబరు మీద ఉందా, బిగించినవాడి నంబరు మీద ఉందా? కళ్లజోడు లేనివాళ్లు పక్కవాళ్లకివ్వండి, చదివి చెబుతారు. ఆ అమ్మగారు ఫోన్ పైకెత్తారు, మూడో వరసలో. ఎవరి నంబరో తెలియదంటున్నారు. అమ్మా, దాన్ని ఇప్పుడే తీసేయకండి, ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. తీసుకున్నాక ఇలా టేబుల్ దగ్గరికి రండి, నేను వస్తున్నాను.